మారుతి వదిలి వేరే కంపెనీకి వెళ్ళాలా? ఏడుగురం ఎక్కాలి, మామయ్య ఒప్పుకోవడం లేదు

పాల్వంచ టీచర్:

అందరికీ నమస్కారం. మాది పాల్వంచ. నేను ప్రభుత్వ బడిలో టీచర్‌ని, మా వారు సింగరేణిలో, మణుగూరులో షిఫ్టు డ్యూటీ. ఇంట్లో కారు నడిపేది ఎక్కువగా నేనే. అందుకే ఈ ప్రశ్న కూడా నేనే అడుగుతున్నాను.

మా దగ్గర 2011 మార్చిలో కొన్న వ్యాగనార్ ఉంది. 998 సీసీ పెట్రోల్. లక్షా పద్దెనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. నేను స్టీరింగ్ పట్టింది దీని మీదే, మా బాబుని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నదీ దీన్లోనే. వచ్చే మార్చికి 15 ఏళ్ళు నిండుతాయి. 5,000 ఫీజు, ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుంటే ఇంకో ఐదేళ్ళు నడుపుకోవచ్చు. బండికి ఏమీ కాలేదు. మేమే ఎక్కువమంది అయ్యాం.

మామయ్యకి 72, అత్తయ్యకి 68. మేమిద్దరం, పదేళ్ళ బాబు, ఐదేళ్ళ పాప. నాన్న పోయాక రెండేళ్ళ నుంచి మా అమ్మ కూడా మా దగ్గరే ఉంటోంది. మొత్తం ఏడుగురం. ఎటైనా బయల్దేరుతున్నామంటే చాలు, అమ్మ ముందే అనేస్తుంది: "మీరు వెళ్ళి రండి, నేను ఇల్లు చూసుకుంటాలే." మొదట్లో నిజంగానే ఓపిక లేక అంటోందనుకున్నాను. పోయిన శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళాం. మా ఊరి నుంచి పట్టుమని 30 కిలోమీటర్లు. తిరిగి వచ్చేసరికి అమ్మ టీవీ ముందు కూర్చుని ఉంది, కాళ్ళ దగ్గర పళ్ళెంలో అక్షింతలు ఉన్నాయి. కల్యాణం టీవీలో చూసి, అక్షింతలు తనే కలుపుకుని, తనే చల్లుకుంది. ఆ పళ్ళెం చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈసారి కొనేది ఏడు సీట్ల బండి అని అప్పుడే అనుకున్నాను.

ఇక గొడవ ఎక్కడంటే కంపెనీ దగ్గర. మామయ్య కొత్తగూడెంలో సింగరేణిలో చేసి రిటైరయ్యారు. 1998లో సెకండ్ హ్యాండ్ మారుతి 800 కొన్నారు, తెల్లది. ఆ తర్వాత ఈ వ్యాగనార్. ఆయనకి కారు అంటే మారుతే. ఊరికే పట్టుదల అనడానికి లేదు, ఆయనకి కారణం ఉంది. పెళ్ళికి వెళ్ళి వస్తుంటే సత్తుపల్లి దాటాక చీకట్లో రాయి తగిలి 800 ఆయిల్ చాంబర్ పగిలిందట. ఆయిల్ అంతా రోడ్డు మీదే. పక్క ఊళ్ళో సైకిల్ షాపు పక్కన ఒక చిన్న మెకానిక్ షెడ్డు ఉంటే అతన్ని నిద్ర లేపారు. ఆ కుర్రాడు మూలన పడేసిన పాత 800 నుంచి చాంబర్ విప్పి, పెట్రోలుతో కడిగి, దీనికి బిగించి, కొత్త ఆయిల్ పోసి పంపించాడు. తెల్లారేసరికి ఇంట్లో ఉన్నారు. "ఏ మూల ఆగినా సామాను దొరకాలి, చేసేవాడు దొరకాలి. మిగతాదంతా ఆర్భాటం" అంటారు మామయ్య. చిన్నప్పుడు ఆ 800 వెనక సీట్లో పడుకుని ప్రయాణం చేసిన మా వారు కూడా ఆ మాట దగ్గర మెత్తబడిపోతారు.

కానీ మా వారికి స్టార్ల పట్టింపు. మణుగూరు రోడ్డు మీద రోజూ బొగ్గు లారీల మధ్య వెళ్ళి వచ్చే మనిషి, ఆయన చూసినవి ఆయన చూశారు. మారుతి వాళ్ళ ఏడు సీట్ల ఎర్టిగాకి 2019లో గ్లోబల్ ఎన్‌క్యాప్ (కార్లని గుద్దించి చూసి భద్రతకి స్టార్లు ఇచ్చే సంస్థ) పరీక్షలో 3 స్టార్లు వచ్చాయి. 2024లో ఆఫ్రికాలో అమ్మే ఎర్టిగాని కొత్త పద్ధతిలో పరీక్షిస్తే పెద్దల భద్రతకి ఒక్క స్టారే వచ్చింది. ఆ బండిలో రెండే ఎయిర్‌బ్యాగులు, ఇప్పుడు మన దగ్గర ఆరు ఇస్తున్నారు, అది కూడా చెప్పుకోవాలి. కియా కారెన్స్‌కి 2022లో 3 వచ్చాయి. 2024లో కొత్త పద్ధతిలో, కంపెనీ మార్పులు చేసిన బండికి పెద్దలకి 3, పిల్లలకి 5 వచ్చాయి. 5 స్టార్ల ఏడు సీట్లవి ఉన్నాయి, ఎక్స్‌యూవీ 700, స్కార్పియో ఎన్, సఫారీ లాంటివి. కానీ మా లెక్క అన్నీ కలిపి 15 లక్షలు. అంతకు మించితే పిల్లల చదువుల డబ్బు ముట్టుకోవాలి. ముట్టుకోను.

ఇంకో సంగతి. అత్తయ్యకి పోయిన ఏడాది రెండు మోకాళ్ళూ ఆపరేషన్ అయ్యాయి. వ్యాగనార్ సీటు ఎత్తు ఆవిడకి సరిగ్గా సరిపోతుంది. అందుకని ఒక పని చేశాను. ఆవిడ చేతికర్రని కారు పక్కన నేల మీద నిలబెట్టి, సీటు అంచు ఎక్కడికి వస్తోందో అక్కడ ఎర్రదారం కట్టాను. ఆ కర్ర పట్టుకుని షోరూములకి తిరుగుతున్నాను. పెద్ద ఎస్‌యూవీ ఒకటి చూస్తే సీటు దారానికి జానెడు పైన ఉంది. ఎర్టిగా, కారెన్స్ రెండూ దారం దగ్గర్లోనే ఉన్నాయి. అక్కడి నుంచి నా ఆలోచన ముందుకి కదలడం లేదు.

కంపెనీ మారినవాళ్ళు, మారి బాధపడినవాళ్ళు, మారకుండా ఉండిపోయినవాళ్ళు మీ అనుభవం చెప్పండి. ముఖ్యంగా మాలాంటి చిన్న ఊళ్ళలో ఉండేవాళ్ళు. కియా సర్వీసుకి ఖమ్మం వెళ్ళి రావాలన్నారు, అంటే ఒక రోజు పోయినట్టే. 2026 జనవరి నెలాఖరున మేడారం జాతర. అప్పటికి బండి ఇంటి ముందు ఉండాలని నా ఆశ.

బెజవాడ ట్రావెల్స్:

టీచర్ గారూ, నాకు విజయవాడలో ఐదు బండ్లు తిరుగుతున్నాయి. మూడు ఎర్టిగాలు, రెండు ఇన్నోవాలు. కొనేముందు మీరు చూసుకోవాల్సినవి నాలుగు మాటలు చెబుతాను.

ముందు మామయ్య గారికి ఒక సంగతి చెప్పండి. ఈ రోజుల్లో పేరు చూసి కంపెనీ అనుకోడానికి లేదు. టొయోటా షోరూములో రూమియన్ అని ఒకటి అమ్ముతారు. అది ఎర్టిగానే, సుజుకీ వాళ్ళే చేస్తారు, ముందు బొమ్మ మారుతుంది. మారుతి షోరూములో ఇన్విక్టో అని పెద్దది ఉంది. అది టొయోటా వాళ్ళ ఇన్నోవా హైక్రాస్. కాబట్టి కంపెనీ మారడం పాపం ఏమీ కాదు, వాళ్ళే మార్చుకుంటున్నారు.

ఏడుగురూ ఎక్కితే సామాను ఎక్కడ పెడతారు? ఎర్టిగాలో మూడో వరస నిలబెట్టి ఉంటే వెనక మిగిలేది 209 లీటర్ల చోటు, కారెన్స్‌లో 216. రెండు చిన్న బ్యాగులు, ఒక టిఫిన్ క్యారియర్ పడతాయి, అంతే. సీఎన్‌జీ జోలికి వెళ్తే సిలిండర్ అందులోనే కూర్చుంటుంది. నా ఎర్టిగాలు సీఎన్‌జీవే, రోజుకి 300 కిలోమీటర్లు తిరిగే నాకు గిట్టుబాటు అవుతుంది. మీకు అక్కర్లేదు, పెట్రోలే తీసుకోండి. పైన క్యారియర్ ఒకటి బిగించుకోండి, టార్పాలిన్ కొనుక్కోండి.

టెస్ట్ డ్రైవ్‌కి మీరొక్కరూ వెళ్ళొద్దు. ఏడుగురినీ ఎక్కించండి. ఖాళీ బండి ఏదైనా బాగానే లాగుతుంది. నిండుగా ఎక్కించి, ఏసీ వేసి, రెండో గేరులో ఫ్లైఓవరో గుట్టో ఎక్కించండి, అప్పుడు తెలుస్తుంది. నిండుగా వెళ్ళేటప్పుడు టైర్లలో గాలి ఎంత పెట్టాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద విడిగా రాసి ఉంటుంది, ఆ లెక్కే పెట్టండి. నా డ్రైవర్లకి మొదటి రోజు నేర్పేది ఇదే.

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. చిన్న కార్లకి 18 శాతమైంది. మీరు చూసే రెండూ నాలుగు మీటర్లు దాటినవి కాబట్టి 40 శాతంలోకి వస్తాయి. అయినా జీఎస్టీ మీద విడిగా వేసే పాత సెస్సు పోయింది కాబట్టి ముందుకంటే తగ్గినట్టే. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపితే షోరూము ధర మీద రెండు లక్షల పైనే పడుతుంది, అది లెక్కలో పెట్టుకోండి.

ఒక ప్రశ్న. ఏడుగురూ కలిసి ఏడాదిలో ఎన్నిసార్లు వెళ్తారు? నాలుగైదు సార్లే అయితే చిన్న బండి కొనుక్కుని ఆ నాలుగు రోజులూ నాలాంటి వాడి ఇన్నోవా మాట్లాడుకోవడం చవక. నా వ్యాపారం కోసం అనడం లేదు, నిజం చెబుతున్నాను.

పాల్వంచ టీచర్:

ట్రావెల్స్ గారూ, మీరు అడిగాక కూర్చుని లెక్క వేశాను. పోయిన ఏడాది ఇంటిల్లిపాదీ వెళ్ళాల్సిన సందర్భాలు పదకొండు. అందులో రెండుసార్లు బండి మాట్లాడుకున్నాం, మూడుసార్లు మా వారు బైకు మీద వెనక వచ్చారు, ఆరుసార్లు అమ్మ ఇంట్లో ఉండిపోయింది. డబ్బు లెక్కలో మీరు చెప్పిందే నిజం. కానీ బండి మాట్లాడదాం అంటే అమ్మ వెంటనే "నా ఒక్కదాని కోసం అంత ఖర్చెందుకు" అంటుంది. ఇంటి ముందు నిలబెట్టిన బండిలో ఖాళీగా ఉన్న సీటుకి ఆ మాట అనడానికి ఉండదు. నాకు కావలసింది అది.

రూమియన్ సంగతి మామయ్యకి చదివి వినిపించాను. నమ్మలేదు. "పెళ్ళికొడుకు వాడే, చొక్కా మాత్రం మార్చినట్టా?" అన్నారు. ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తే కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

ఓరుగల్లు ఫిజియో:

మేడమ్, చేతికర్రకి దారం కట్టారు చూడండి, మా పేషెంట్ల ఇంట్లో వాళ్ళెవరూ ఇంత చక్కగా చేయడం నేను చూడలేదు. హనుమకొండలో మోకాళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళకి వ్యాయామాలు చేయిస్తుంటాను.

సీటు ఎత్తు సగం మాత్రమే. మిగతా సగం కాలు లోపలికి తెచ్చే చోటు. డోర్ ఎంత వెడల్పు తెరుచుకుంటుంది, కింద గడప లాంటి అంచు ఎంత వెడల్పు ఉంది, ముందు సీటు ఎంత వెనక్కి ఉంది అనేవి చూడాలి. అత్తయ్య గారిని ఇలా కూర్చోబెట్టండి. ముందు సీటు వీలైనంత ముందుకి జరపండి. ఆవిడ బండికి వీపు తిప్పి నిలబడాలి. సీటు అంచు తొడల వెనక తగిలేదాకా వెనక్కి అడుగులు వేయాలి. చేయి సీటు మీద ఆనించి, నొప్పి ఎక్కువున్న కాలు కొంచెం ముందుకి చాపి, మెల్లగా కూర్చోవాలి. అలాగే వెనక్కి జరిగి, అప్పుడు రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. సీటు గుడ్డది అయితే మీద ఒక ప్లాస్టిక్ కవర్ పరిస్తే తేలికగా జరుగుతారు, కూర్చున్నాక కవర్ తీసేయండి. డోర్ పట్టుకుని లేవనివ్వొద్దు, డోర్ కదులుతుంది. పైనున్న హ్యాండిల్ పట్టుకోవచ్చు.

సీటు మరీ కిందకి ఉంటేనే ఇబ్బంది ఎక్కువ, మోకాలు బాగా వంచాలి, లేచేటప్పుడు బరువంతా దాని మీదే పడుతుంది. కొంచెం పైకి ఉన్నా పర్వాలేదు, జానెడు పైకి ఉంటే మాత్రం వద్దు. షోరూములో ఒక్కసారి ఎక్కి దిగితే సరిపోదు. నాలుగుసార్లు ఎక్కించి దించండి. నాలుగోసారి ఆవిడ ముఖం చూడండి. దూరం వెళ్ళేటప్పుడు గంటకోసారి ఆపి నాలుగడుగులు వేయించండి.

నల్గొండ రైతుబిడ్డ:

నేను కంపెనీ మారి ఇబ్బంది పడినవాణ్ణి. కంపెనీ పేరు రాయను, అదే బండి వాడి సంతోషంగా ఉన్నవాళ్ళు నాకు తెలుసు. నా కష్టం నాది.

2020లో పాత బండి ఇచ్చేసి ఏడు సీట్లది కొన్నాను. బండి నడక బంగారం. రెండో ఏడు బ్రేకుకి సంబంధించిన ఒక సెన్సార్ పోయింది. సామాను రావాలి అన్నారు. వారం, పది రోజులు అన్నారు. 43 రోజులు పట్టింది. ఆ మధ్యలో చెల్లెలి పెళ్ళి. పెళ్ళికూతుర్ని ఊరేగించడానికి కొన్న బండి సర్వీస్ సెంటర్లో దుమ్ము పట్టి ఉంటే, పక్కింటివాళ్ళ బండి అడుక్కున్నాం. మా నాన్న ఆ రోజు ఒక్క మాట అనలేదు, అదే నాకు బాగా తగిలింది.

అందుకని అక్కా, షోరూము చూసి కొనొద్దు, సర్వీస్ సెంటర్ చూసి కొనండి. శనివారం పొద్దున ఎనిమిదింటికి వెళ్ళండి. గేటు దగ్గర బండ్లు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు వరసలో ఉంటారు. వాళ్ళతో మాట్లాడండి. ఎన్ని రోజులకి ఇస్తున్నారు, చెప్పిన బిల్లే వేస్తున్నారా అని అడగండి. తర్వాత వెనక పక్కకి నడవండి. బంపర్లు, హెడ్‌లైట్లు విప్పేసి దుమ్ము పట్టి నిలబడిన బండ్లు ఎన్ని ఉన్నాయో చూడండి. అవన్నీ సామాను కోసం ఎదురు చూసేవే. ఒకటి రెండు ఉంటే మామూలే. పది ఉంటే ఆలోచించండి. హెడ్‌లైట్ సెట్టు ఎంత, ముందు బంపర్ ఎంత, ముందు అద్దం ఎంత అని పార్ట్స్ కౌంటర్లో అడిగి కాగితం మీద రాసుకోండి. మన రోడ్ల మీద మొదట పగిలేవి ఆ మూడే.

మామయ్య గారి మాట తేలికగా తీసుకోవద్దు. సత్తుపల్లి దగ్గర చాంబర్ దొరికిందంటే అది మామూలు సంగతి కాదు.

పెనుకొండ నుంచి:

అక్కా, మాది పెనుకొండ పక్క ఊరు. కారెన్స్ తయారయ్యేది ఇక్కడే. ఒకప్పుడు అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. మా నాన్న వేరుశనగ వేసేవాడు. వానొస్తే పంట, లేకపోతే బెంగుళూరుకి వలస. 2019లో ఇక్కడి నుంచి మొదటి బండి బయటికి వచ్చింది. నేను ఆ కంపెనీలో కాదు, దానికి సామాను చేసిచ్చే చిన్న ఫ్యాక్టరీలో చేస్తాను. ఇప్పుడు మా పెనుకొండ స్టేషన్ నుంచి కార్లు గూడ్సు రైళ్ళలో వెళ్తాయి.

మా ఊరి బండి అని కొనమని చెప్పను. మీ అత్తయ్య గారికి, అమ్మ గారికి ఏది సుఖమో అదే తీసుకోండి. ఒక్కటి మాత్రం చూడండి. కారెన్స్‌లో రెండో వరస సీటు ఒక బటన్ నొక్కితే ముడుచుకుని ముందుకి పడిపోతుంది, మూడో వరసకి దారి వస్తుంది. మీ అమ్మ గారిని స్వయంగా నొక్కమనండి, ఎవరి సాయం లేకుండా ఎక్కగలరో లేదో చూడండి. ఎర్టిగాలో సీటు ముందుకి జరిపి వంచాలి. అది కూడా ఆవిడ చేతే చేయించి చూడండి.

పాల్వంచ టీచర్:

అందరికీ చాలా కృతజ్ఞతలు. మూడు వారాలైంది. మీరు చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా చేశాను, అందుకే ఆలస్యం.

ముందు మా మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఇరవై ఏళ్ళ నుంచి మా బండ్లు చూసేది ఆయనే, మామయ్యకి తమ్ముడిలాంటి మనిషి. మామయ్యని కూడా వెంట తీసుకెళ్ళాను. ఆయన చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "అన్నా, నా కోసం కారు కొనొద్దు. ఇప్పుడొచ్చే బండి ఏ కంపెనీదైనా వారంటీ ఉన్నన్నాళ్ళూ షోరూముకే పోవాలి. బయట చెయ్యి పెడితే వారంటీ ఒప్పుకోరు. ఐదేళ్ళ తర్వాత నా దగ్గరికి వస్తే అప్పటికి నేనూ నేర్చుకుంటా." తర్వాత చిన్న ట్యాబ్ లాంటిది చూపించాడు. స్టీరింగ్ కింద తగిలిస్తే బండిలో ఏ లోపముందో తెర మీద చెబుతుందట, ఇప్పుడు మారుతి బండ్లకి కూడా అది లేకుండా పని జరగడం లేదట. మామయ్య దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశారు. వచ్చే దారిలో ఏమీ మాట్లాడలేదు.

రైతుబిడ్డ గారూ, మీరు చెప్పినట్టే శనివారం ఐదున్నరకి బయల్దేరి ఖమ్మం వెళ్ళాం. ఎనిమిదికి ముందే గేటు దగ్గర ఉన్నాం. తొమ్మిది మందితో మాట్లాడాను. ఏడుగురు ఏ రోజు ఇచ్చిన బండి ఆ రోజే తీసుకెళ్తున్నామన్నారు. ఒకాయన బిల్లు అనుకున్నదానికంటే ఎక్కువైందన్నారు. ఇంకొకాయన డోరు మార్చడానికి పన్నెండు రోజులు పట్టిందన్నారు. వెనక దుమ్ము పట్టిన బండ్లు మూడు. బంపర్, లైటు, అద్దం ధరలు రెండు కంపెనీల దగ్గరా రాసుకున్నాను. మూడూ కలిపితే మారుతివే తక్కువ, అందులో సందేహం లేదు. కానీ ఆ తేడా నన్ను ఆపేంత లేదు.

ఆ మరుసటి ఆదివారం ఇంటిల్లిపాదినీ ఆటోలో ఒకసారి, వ్యాగనార్‌లో ఒకసారి మోసుకెళ్ళి రెండు షోరూముల్లోనూ టెస్ట్ డ్రైవ్ చేశాం. అత్తయ్య రెండింట్లోనూ ఫిజియో గారు చెప్పినట్టే ఎక్కారు: వీపు తిప్పి, చేయి ఆనించి, కాళ్ళు కలిపి. ప్లాస్టిక్ కవర్ ఇంటి నుంచే తీసుకెళ్ళాను, అక్కడి కుర్రాళ్ళు వింతగా చూశారు. నాలుగోసారికి రెండింట్లోనూ ముఖం తేటగానే ఉంది. అంటే ఆవిడ వైపు నుంచి రెండూ పాస్.

అమ్మ దగ్గరే తేలింది. ఎర్టిగాలో సీటు వంచి ఎక్కింది, ఎక్కలేక కాదు. కానీ సీటు మళ్ళీ వెనక్కి రావాలంటే బయట ఒకరు ఉండి సర్దాలి, అప్పటిదాకా అత్తయ్య బయట నిలబడాలి. కారెన్స్‌లో కూడా అంతే, అత్తయ్య నిలబడాల్సిందే. తేడా ఎక్కడొచ్చిందంటే దిగేటప్పుడు. మేమంతా ముందే దిగేసి ధర మాట్లాడుతుంటే అమ్మ మూడో వరసలో కూర్చుని ఉంది. నేను వెళ్ళేలోపే చేయి చాపి బటన్ నొక్కింది. సీటు మడుచుకుని ముందుకి ఒరిగింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, తల వంచుకుని, తనే దిగి వచ్చేసింది. ఒక్కత్తే. "ఎవర్నీ పిలవక్కర్లేదే" అంది నాతో. నాకు ఆ మాట చాలు.

స్టార్ల విషయంలో మా వారి మాట కూడా అటే ఉంది. ఐదు స్టార్లు కావాలనుకున్న మనిషి పిల్లలకి ఐదు ఉందన్న దాని మీద సర్దుకున్నారు. పాపకి వెనక ఐసోఫిక్స్ కొక్కేలకి బిగించే సీటు విడిగా కొంటున్నాం. మూడో వరసలో ఉన్నా సరే, అమ్మతో సహా అందరూ బెల్టు పెట్టుకున్నాకే తాళం తిప్పుతానని చెప్పేశాను.

మామయ్య సంగతి చెప్పాలి. పెనుకొండ తమ్ముడు రాసింది ఆయనకి చదివి వినిపించాను. వేరుశనగ, వలస అన్న చోట ఆపి, మళ్ళీ చదవమన్నారు. ఆయన వాళ్ళ నాన్న కూడా సేద్యం గిట్టక బొగ్గుబావికి వచ్చినవాడే. గూడ్సు రైళ్ళలో కార్లు వెళ్తాయని చదివినప్పుడు, "మా దగ్గర్నుంచి బొగ్గు వెళ్ళేది" అన్నారు. తర్వాత లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. ఒప్పుకున్నట్టా కాదా అని ఆ రాత్రంతా నాకు టెన్షన్. పొద్దున్నే టీ తాగుతూ, "రంగు తెలుపు చెప్పు" అన్నారు.

తెల్ల కారెన్స్, 1.5 పెట్రోల్, మాన్యువల్ గేర్లు. నిన్న బుక్ చేశాం. అన్నీ కలిపి 15 లోపే వచ్చింది. జాతరకి ముందే ఇస్తామన్నారు. ట్రావెల్స్ గారు చెప్పిన క్యారియర్ కూడా మాట్లాడాను. జాతరకి బెల్లం తీసుకెళ్ళాలి కదా, అది పైన పెట్టలేం, వెనక 216 లీటర్లలో ముందు దానికే చోటు.

వ్యాగనార్ ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వడం లేదు. మామయ్య అడిగారు, మార్చిలో రెన్యువల్ ఆయన పెన్షన్ డబ్బుతోనే చేయిస్తారట. కొత్తగూడెంలో స్నేహితుల దగ్గరికి వెళ్ళి రావడానికి ఆయనకి అది ఉంటుంది. ఖాళీ షెడ్డులో దానికి చోటుంది, కొత్తది గేటు ముందు వేప చెట్టు కింద పెడతాం.

పెనుకొండ తమ్ముడూ, మా బండి మీ ఊరి నుంచి ఎప్పుడు బయల్దేరుతుందో తెలియదు గానీ, స్టేషన్‌లో తెల్ల కారెన్స్‌లు ఎక్కించడం కనిపిస్తే అందులో ఒకటి మాదే అనుకో. నవమికి భద్రాచలం వెళ్తున్నాం. అమ్మ ఇప్పటి నుంచే బియ్యం ఏరి, పసుపు కలిపి డబ్బాలో పోసి పెట్టింది.